చేపల్లేని చేపల కొట్టు

మా మనవడు భిలాయి సుపేలాలో రంగు చేపల కొట్టు పెట్టాడు. పెట్టాడంటే పెట్టాడు గానీ, నెల దాటినా అందులో చేప లేదు. ఇరవై నాలుగు గాజు తొట్లు, ఇరవై నాలుగింట్లోనూ నీళ్ళు, నీళ్ళలో బుడగలు, పైన దీపాలు, మూల కరెంటు మీటరు మాత్రం గిరగిరా. దారిన పోయేవాళ్ళు ఆగి, అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూసి, ఏమీ కనబడక, గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్న నా వంక చూస్తారు. "మఛ్లీ కిధర్ హై బాబూజీ?" అంటాడొకడు. "ఆ రహీ హై" అంటాను, హౌరా మెయిలు లేటయినట్టు.

మా రోజుల్లో కొట్టు పెట్టడమంటే ఇంత తతంగం ఉండేది కాదు నాయనా. పొద్దున్న సరుకు దిగేది, పదింటికి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, పన్నెండింటికి బోణీ అయ్యేది, సాయంత్రానికి అప్పుల ఖాతా మొదలయ్యేది. పవర్‌హౌస్ బజార్లో మా పక్క ఊరాయన కిరాణా తెరిచిన రోజు నేనక్కడే ఉన్నాను. బెల్లం దిమ్మ మీద ఈగ వాలేలోపు సగం దిమ్మ ఖాళీ. ఆయన్నెవరూ ముందుగా సర్వే చేశావా, ప్లాను గీశావా అని అడగలేదు. మూడేళ్ళకి మూసేశాడనుకోండి. అది అప్పులిచ్చి మూసేశాడు గానీ, సరుకు లేక కాదు.

ఇంతకీ నేనెవరో చెప్పాలి. మీరడగలేదు, నిజమే. మీరడిగేదాకా ఆగితే నాకు టైము చాలదు. మాది పార్వతీపురం దగ్గర పల్లె. 1974లో మా చిన్నమావ వెంట రేకు పెట్టె ఒకటీ, ఆవకాయ జాడీ ఒకటీ పట్టుకుని పాసింజరెక్కి భిలాయి దిగాను. అప్పుడిది మధ్యప్రదేశ్. ఛత్తీస్‌గఢ్ అన్నది 2000 నవంబరులో పుట్టింది, మా మనవడూ ఆ చలికాలమే పుట్టాడు, అందుకే రెంటికీ ఒకటే తొందర. రష్యా వాళ్ళ సాయంతో కట్టిన ఉక్కు ప్లాంటు మాది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ గారు ప్రారంభిస్తే, ఆయనకి నాలుగు బారల దూరంలో నిలబడి చూశానని మా మావ చెప్పేవాడు. మా మావ చాలా చూశానని చెప్పేవాడు. నేను మాత్రం కోక్ ఓవెన్‌లో ఖలాసీగా చేరి, నలభయ్యేళ్ళు ఆ పొగా ఆ వేడీ తిని, పూలదండ వేయించుకుని బయటికొచ్చాను.

మావాడు బి.టెక్. పుణేలో కంపెనీ ఉద్యోగం, చల్లటి గది, నెల తిరిగేసరికి జీతం. ఒకరోజు వచ్చి "తాతా, చేపల షాపు పెడతా" అన్నాడు. నాకు బాగానే అనిపించింది. చేపలంటే మాకు ప్రాణం కదా. ఊరికి ఫోన్ చేసి బంధువులందరికీ చెప్పేశాను, మనవడు చేపల వ్యాపారంలో దిగుతున్నాడని. ఖుర్సీపార్‌లో ఉండే మా పాత షిఫ్ట్ నేస్తం వారం తిరక్కుండా సంచీ పట్టుకుని వచ్చాడు, బొమ్మిడాయిలొచ్చాయా అని. వాడిని కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఇవి తినేవి కావురా, చూసేవి అని చెప్పడానికి పావుగంట పట్టింది. అంతా విని, "చూసి ఏటి సేస్తార్రా?" అన్నాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ముందు మూడు నెలలు వాడు ఒక్క పని చేయలేదు, ల్యాప్‌టాప్‌లో లెక్కలు తప్ప. దుర్గ్‌లో ఎన్ని కొట్లున్నాయి, రాయ్‌పూర్‌లో ఎన్ని, ఆదివారం సుపేలా సంతకి వచ్చే జనం ఎటునుంచి ఎటు నడుస్తారు, అద్దె ఎంత, పగిడీ ఎంత, నెలకి కరెంటు ఎంత, నూటికి ఎన్ని చేపలు చస్తాయి. అది కూడా రాశాడు! ఇంకా కొట్టు తెరవలేదు, చచ్చే చేపల్ని లెక్కేశాడు. "నీ పెళ్ళికి కూడా ఇలాగే రాస్తావా" అన్నాను. వాళ్ళ అమ్మమ్మ నా కాలు తొక్కింది.

అందులో ఒక ముక్క మాత్రం నాకు నచ్చింది, వాడికి చెప్పలేదు గానీ. "లాభం చేపల మీద రాదు తాతా, మేత మీద, ఫిల్టర్ల మీద, తొట్ల మీద వస్తుంది. చేప ఊరికే మనుషుల్ని లోపలికి పిలుస్తుంది. చేప చస్తే నష్టం నాది, ఫిల్టరు చస్తే వారంటీ కంపెనీది" అన్నాడు. మా కాలంలో చీరల కొట్టువాడు ముందు కూల్ డ్రింకు ఇచ్చేవాడు చూడండి, అదే కిటుకు. పెద్ద కనిపెట్టాడు.

కేంద్రం 2020లో మత్స్య సంపద యోజన అని ఒకటి పెట్టిందట, రంగు చేపల యూనిట్లకీ సబ్సిడీ ఉందట, మామూలు వాళ్ళకి 40 శాతం, ఆడవాళ్ళ పేరున అయితే 60. వాడు వెంటనే కాయితాలన్నీ వాళ్ళమ్మ పేరున మార్చాడు. మా కాలంలో ఆస్తి ఆడవాళ్ళ పేరున రాయాలంటే ఇంట్లో మహాభారతం జరిగేది. ఇప్పుడు ఇరవై శాతం తేడాకి పది నిమిషాల్లో అయిపోయింది. సరే, ఇది దిగజారుడో బాగుపడ్డమో నాకు తేలడం లేదు. వదిలేద్దాం.

ఇక తొట్లు పెట్టే ర్యాకు సంగతి. ఇక్కడ మాత్రం నా మాటే నెగ్గింది, కాబట్టి కొంచెం సావకాశంగా చెబుతాను. వాడు ఫోన్లో ఒక ర్యాకు బొమ్మ చూపించాడు. చెక్కపొట్టు బిగించి పైన కాయితం అంటించిన పలకలు, మరలు బిగించుకుంటే నిలబడుతుందట. "ఒక తొట్టి ఎంతరా?" అన్నాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంటే రెండు ఘనపుటడుగులు, యాభై ఆరు లీటర్ల చిల్లర. ఇరవై నాలుగు తొట్లకి పదమూడు వందల యాభై లీటర్లు. లీటరు నీళ్ళంటే కిలో. గాజు బరువు, అడుగున గులకరాళ్ళ బరువు వేరే. "పదమూడున్నర క్వింటాళ్ళని రంపపు పొట్టు మీద నిలబెడతావా? ఏ ఊళ్ళో ఉన్నావనుకుంటున్నావురా? ఇక్కడ నూట ముప్పై మీటర్ల రైలు పట్టా ఒక్క ముక్కగా తీస్తారు. ఈ ఊళ్ళో పుట్టి చెక్కపొట్టు ర్యాకు కొంటే నేను ప్లాంటు ముందు నుంచి తలెత్తుకుని నడవలేను" అన్నాను.

నందిని రోడ్డులో నాకు తెలిసిన వెల్డింగు వాడి దగ్గరికి తీసుకెళ్ళాను. నలభై నలభై అయిదు యాంగిల్, ఒక్కో ర్యాకు మూడంతస్తులు, అంతస్తుకి నాలుగు తొట్లు, అలాంటివి రెండు. దగ్గర కూర్చుని వెల్డు పెట్టించాను. ఎక్కడైనా బుడగ పడితే మళ్ళీ కొట్టించి మళ్ళీ పెట్టించాను. వెల్డింగు వాడు రెండో రోజుకి నాతో మాట్లాడ్డం మానేశాడు. ర్యాకు వచ్చాక దాని మీద నేను ఎక్కి నిలబడి చూపించాను, డెబ్బై ఏళ్ళ మనిషిని. ఏమీ కాలేదు. నడుం ఒక్కటే పట్టింది, అది దిగేటప్పుడు.

అయితే ఒక పొరపాటు జరిగింది. తొట్లన్నిటి కిందా తెల్లటి థర్మోకోల్ షీట్లున్నాయి. ప్యాకింగు తీయడం మర్చిపోయాడు, ఈ కాలం పిల్లలకి శుభ్రం లేదు అనుకుని, వాడు టీకి వెళ్ళినప్పుడు నాలుగు తొట్ల కింద షీట్లు పీకి, మడిచి, బయట పడేశాను. వాడు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. ఇనుము ఎంత సాపుగా ఉన్నా కంటికి కనబడని ఎత్తుపల్లాలుంటాయనీ, నీళ్ళ బరువుకి గాజు అక్కడే చిట్లుతుందనీ, ఆ మెత్తటి షీటు అందుకేననీ చెప్పాడు. మా కాలంలో థర్మోకోల్ ఎక్కడిది? అయినా మాకేం చిట్లలేదు. చిట్లలేదు అంటే, మాది కారేది.

ఆ మాట వచ్చింది గనక చెబుతాను, నేనూ తొట్టి కట్టినవాణ్ణే. ఇప్పటిలా గాజుకి గాజు అంటించే సిలికాన్ గొట్టం అప్పుడు మాకు తెలీదు. యాంగిల్ ఇనుముతో చట్రం వెల్డు చేసి, లోపల గాజు పలకలు నిలబెట్టి, సందుల్లో లప్పం కూరడమే. యాంగిల్ ఎక్కడిదని అడక్కండి. కబాడీ దగ్గర కొన్నాను, రశీదు లేదు, అంతే. చట్రం తుప్పు పడుతుందని లోపలా బయటా ఎర్రరంగు పూశాను. చూడ్డానికి రైలింజనులా ఉండేది. గప్పీలు పదో పన్నెండో వేశాను. తెల్లారేసరికి అన్నీ పైకి తేలాయి. నీళ్ళు పడలేదు అనుకున్నాను. మళ్ళీ వేశాను, మళ్ళీ పడలేదు. మూడోసారి కూడా పడలేదు. ఆ ఎర్రరంగులో సీసం ఉంటుందని వీడు ఇప్పుడు, ముప్పై పైచిలుకు చేపలు పోయిన నలభయ్యేళ్ళ తరవాత, చెబుతున్నాడు.

అయినా మాకు చేపలు దొరకడం ఎంత తేలికో చూడండి. దోమల కోసం మలేరియా వాళ్ళు బావుల్లో గంబూసియా చేపలు వదిలేవారు. జేబురుమాలు నాలుగు కొసలూ పట్టుకుని ముంచితే పది వచ్చేవి. కాస్త రంగువి కావాలంటే, మధ్యాహ్నం రెండింటికి పొద్దుటి షిఫ్ట్ వదిలే వేళ గేటు బయట ఒకాయన సైకిలు పట్టుకుని నిలబడేవాడు. సైకిలుకి నిలువుగా ఒక వెదురు, వెదురుకి అడ్డంగా బద్దలు, బద్దలకి పాలిథిన్ సంచులు, సంచికి రెండేసి చేపలు. వేలమంది సైకిళ్ళ మీద ఒక్కసారి నదిలా బయటికి వస్తుంటే, ఆ నది మధ్య ఆయన ఒక్కడూ ఎండలో మెరుస్తూ నిలబడేవాడు. ప్లాను లేదు, ల్యాప్‌టాప్ లేదు. జత మూడు రూపాయలు. మా అమ్మాయికి, అంటే వీడి తల్లికి, అప్పుడు ఆరేళ్ళు. ఆయన దగ్గరే ఒక బంగారు చేప కొనిచ్చాను. హార్లిక్స్ సీసాలో వేసి కిటికీలో పెట్టాం. అది ఏడాది బతికింది. ఏడాది! ఫిల్టరు లేదు, హీటరు లేదు, లెక్కలు లేవు. ఈ ఏడాది కాలంలో ఆ సంగతి వీడికి నేను ఒక యాభైసార్లు చెప్పి ఉంటాను.

సెప్టెంబరు 17, విశ్వకర్మ పూజ. ఈ ఊళ్ళో ఇనుముతో పని చేసే ప్రతివాడికీ అదే పెద్ద పండగ. ఆ రోజు కొట్టు తెరవమన్నాను, సెక్టార్-5 బాలాజీ గుడిలో పంతులు గారిని కూడా అడిగొచ్చాను. వాడు ర్యాకుకి బొట్టు పెట్టనిచ్చాడు, కొబ్బరికాయ కొట్టనిచ్చాడు, తొట్లలో నీళ్ళు నింపాడు, నింపి "ఆరు వారాలు ఆగాలి" అన్నాడు. దేనికిరా? నీళ్ళు పండాలట. మామిడికాయలు పండుతాయి, తలలు పండుతాయి, నీళ్ళు పండడం నేను వినలేదు.

ముందు ఆ నీళ్ళ మీదే పెద్ద పురాణం. పెన్ను లాంటిది ఒకటి ముంచి, అంకె చూసి, బోరు నీళ్ళు బాగా కటువు అన్నాడు. "మన నేల కింద సున్నపురాయి కదా తాతా. నందిని గని ఎక్కడుంది?" అన్నాడు. నందిని గని నాకు చెబుతాడు! అక్కడి సున్నపురాయి బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేస్తేనే కదా ముడిఖనిజంలో మట్టీ మష్టూ స్లాగై విడిపోయేది. ఆ రాయే నేల కింద నీళ్ళలోనూ కరుగుతుందని మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు. అందుకని వీడి లెక్క ఏమిటంటే, ఈ ఊరి కొట్లో గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ లాంటి పిల్లల్ని కనే చేపలే ఎక్కువ పెట్టాలి, వాటికి కటువు నీళ్ళు హాయి. మెత్తటి నీళ్ళడిగే డిస్కస్ లాంటి వాటి జోలికి మొదట్లో పోకూడదు. కొన్నవాళ్ళ ఇంట్లోనూ ఇవే నీళ్ళు కదా, అక్కడా బతకాలి కదా అంటాడు. కొన్నవాడి ఇంట్లో చేప బతికితే మళ్ళీ కొనడానికెందుకొస్తాడు? ఈ మాట నేనంటే, "బతికితేనే వస్తాడు తాతా" అన్నాడు. బేరం తెలియని పిల్లాడు.

కుళాయి నీళ్ళు పట్టాల్సి వస్తే క్లోరిన్ తీయాలట. దానికేదో చిన్న సీసా చూపించి మందు పేరు చెప్పాడు. వాసన చూసి, వెనక అక్షరాలు చదివించుకుంటే, సోడియం థయోసల్ఫేట్. అరె, హైపో! సివిక్ సెంటర్ ఫోటో స్టూడియోల చీకటిగదిలో ఫోటోలు కడిగే హైపో! కిలోల లెక్కన దొరికేది. దాన్ని నీళ్ళలో కలిపి, నీలం రంగు వేసి, చిన్న సీసాలో పోసి, దాని మీద నవ్వే చేప బొమ్మ అంటించి అమ్ముతున్నారు. ఇదీ మీ అభివృద్ధి.

నాకు అసలు ఒళ్ళు మండింది మూడో రోజున. తెల్లటి పొడి తూచి తొట్లలో వేస్తున్నాడు. ఏమిటది అంటే అమ్మోనియం క్లోరైడ్ అన్నాడు. అంటే నవాసారం. ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు బుగ్గలు పొంగించి గొట్టంతో నిప్పు ఊదుతూ, గిన్నెలో చిటికెడు చల్లేవాడే, ఘాటుగా తెల్లటి పొగ లేచేది, అదే. చేపలు రావలసిన నీళ్ళలో డబ్బిచ్చి కొన్న విషం వేస్తున్నాడేమిటని వాళ్ళ అమ్మమ్మని పిలిచాను.

వాడు ఆవిడకి చెప్పాడు, నాకు కాదు. చేప విసర్జించేది అమ్మోనియా. ఆ అమ్మోనియాలోనే అది చస్తుంది. దాన్ని తిని వేరే రకంగా మార్చే సూక్ష్మజీవులుంటాయి, అవి మార్చిందీ విషమే, దాన్ని తిని అంత ప్రమాదం లేనిదిగా మార్చేవి మరో రకం. ఈ రెండూ ఫిల్టరు స్పాంజిలో స్థిరపడ్డానికి నాలుగు నుంచి ఆరు వారాలు. చేపల్ని వేసి చంపుతూ ఈ జీవుల్ని పెంచడం పాత పద్ధతి, నవాసారం వేసి ముందే పెంచుకోవడం కొత్త పద్ధతి. తొందరగా కావాలంటే బాగా నడుస్తున్న తొట్టిలోంచి పాత స్పాంజి ముక్క తెచ్చి వేయాలి, రాయ్‌పూర్‌లో స్నేహితుడి దగ్గర తెచ్చాడట. మా ఆవిడ అంతా విని, "తోడు వేసినట్టన్నమాట" అంది. పదో తరగతి దాటని మనిషి ఒక్క మాటలో తేల్చేసింది. వాడికి తోడు అంటే తెలీలేదు. పెరుగు ప్యాకెట్లో పుడుతుందనుకునే తరం.

నేను అప్పటికీ ఒప్పుకోలేదు గానీ, రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మోనియా నాకు తెలియనిదా? కోక్ ఓవెన్ గ్యాసులోంచి దాన్ని పట్టి అమ్మోనియం సల్ఫేట్ ఎరువు చేసేవాళ్ళం. ఆ వాసన మా చొక్కాల్లో ఇంటికొచ్చేది. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. కొత్త కోక్ ఓవెన్ బ్యాటరీ కట్టాక, అరవై అయిదు ఓవెన్లూ తయారుగా ఉన్నా, అందులో వెంటనే బొగ్గు పోయరు. ఆ సిలికా ఇటుక వేడికి ఉబ్బుతుంది. ఒక్కసారి మంట పెడితే చిట్లిపోతుంది. రోజుకి కాసిని డిగ్రీల చొప్పున, పగలూ రాత్రీ కాపలా కాస్తూ, రెండు మూడు నెలల పాటు ఖాళీ బ్యాటరీని వేడి చేస్తూ కూర్చుంటారు. మేం కూర్చున్నాం. బొగ్గు లేదు, కోక్ లేదు, గ్యాసు మాత్రం తగలెడుతున్నాం. చూడ్డానికొచ్చిన మా చిన్నమావ, "ఒట్టి కుంపటికి ఇంతమంది కాపలానా?" అన్నాడు. ఆయన్ని నేను ఎంత చిన్నచూపు చూశానో నాకు బాగా గుర్తుంది.

మర్నాడు కొట్టు దగ్గర నేనేమీ మాట్లాడలేదు. వాడు భయపడి బీపీ చూపించుకోమన్నాడు. రోజూ ఒక చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేసి రంగు చూసేవాడు. పసుపుగా ఉంటే మంచిది, ఆకుపచ్చకి తిరిగితే అమ్మోనియా ఉన్నట్టు. మూడు వారాలు ముదురాకుపచ్చ. నాలుగో వారంలో లేతాకుపచ్చ. ఆ గొట్టం నేనే వెలుతురుకి పట్టి చూడ్డం మొదలెట్టాను, వాడి కళ్ళ మీద నాకు నమ్మకం లేక.

ఈలోగా సరుకు జాబితా. మావాడి దగ్గర నాలుగు పేజీలుంది. మూడొంతులు కలకత్తా నుంచి, కొన్ని చెన్నై కొళత్తూరు నుంచి. నేను చదివించుకుని నా సలహాలిచ్చాను, ఒక్కటీ తీసుకోలేదు. ఉదాహరణకి కొరమీను పెట్టమన్నాను. మా ఊరి చెరువులో కొరమీను పిల్లలు ఎర్రెర్రగా గుంపు కట్టి పైకి తేలేవి, కింద తల్లీతండ్రీ కాపలా కాసేవి, చెయ్యి పెడితే వేలు కొరికేవి. దానికంటే చూడముచ్చట ఏముంది? "తాతా, దాని బంధువులే, ఈశాన్యం వైపు చిన్న రకాలు, చన్నా అంటారు, వేలల్లో పలుకుతున్నాయి" అన్నాడు. చన్నా అంటే శనగలు కదరా అన్నాను. వేలు పోసి కొన్నవాడు దాన్ని పులుసు పెట్టుకోడట! అద్దంలోంచి చూస్తాడట.

ఫ్లవర్‌హార్న్ ఒక్కటే తెస్తానన్నాడు. మలేషియాలో 1990ల్లో రకరకాల చేపల్ని కలిపి పుట్టించిన చేప అది, నెత్తిన బొప్పి. బొప్పి పెద్దదైతే అదృష్టం పెద్దదట. ఒంటి మీద మచ్చల్లో లాటరీ నంబర్లు వెతుక్కునేవాళ్ళూ ఉన్నారట. వాస్తు కోసం ఎనిమిది బంగారు చేపలూ ఒక నల్లదీ కావాలని ముందే ముగ్గురొచ్చి అడిగి వెళ్ళారు. మా రోజుల్లో అదృష్టం కోసం కష్టపడి గుడికెళ్ళేవాళ్ళం. కొట్టుమీదికొచ్చి అడిగితే తొమ్మిదీ పట్టే తొట్టి కూడా కొనమంటాడు మావాడు, నాలుగడుగులది, రెండు వందల యాభై లీటర్లు. ఇద్దరు పారిపోయారు. ఒకాయన అడ్వాన్సిచ్చాడు.

గాజు మీద నాచు తినే సక్కర్ చేప మాత్రం అమ్మనంటాడు. చిన్నప్పుడు వేలెడుంటుంది, పెరిగి అడుగు దాటుతుంది, అప్పుడు జనం విసుగెత్తి తీసుకెళ్ళి చెరువులో పారేస్తారు. మన ఆంధ్రాలో చేపల చెరువుల్లోకి చేరి వలలు చింపేది అదే, దెయ్యం చేప అంటున్నారే, అది. అడిగినవాళ్ళకి "నాచు చేత్తో తుడుచుకోండి" అంటున్నాడు. కొట్టు పెట్టుకుని అమ్మనివాటి జాబితా ఇంత పొడుగున్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

మేత సంగతి సరే సరి. డబ్బాలు, రేకులు, గుళికలు, ఎండబెట్టిన పురుగుల దిమ్మలు, గడ్డకట్టిన పురుగుల పలకలు. వాటికి ఒక ఫ్రిజ్! మా రోజుల్లో కూలర్ అడుగున నిలిచిన నీళ్ళలో దోమపిల్లలు గిలగిలా కొట్టుకుంటూ ఉండేవి, టీ వడపోసే జల్లెడతో తీసి వేస్తే చేపలు ఎగిరెగిరి తినేవి. పైసా ఖర్చు లేదు. 2018లో డెంగీ వచ్చి భిలాయి అల్లాడిపోయాక, కూలర్లో నీళ్ళు నిలవుంచేవాణ్ణి వీధంతా కలిసి తిడుతోంది. తిట్టాల్సిందే, కాదనను. మా వీధిలో తిట్లు తిన్నది నేనే.

కార్తీకం వచ్చింది. గొట్టంలో పసుపు వచ్చింది. వరసగా మూడు రోజులు పసుపే. నవాసారం వేస్తే మర్నాటికి మాయం. "పండింది తాతా" అన్నాడు. కార్తీకమాసంలో ఇంటికి చేపలు తేవడమేమిట్రా అంటే, "తినడానికి కాదుగా" అన్నాడు.

రాత్రి హౌరాలో ఎక్కించిన పెట్టెలు పొద్దున్న రాయ్‌పూర్‌లో దిగాయి. నేనూ వెళ్ళాను, వద్దన్నా. ఆరు థర్మోకోల్ పెట్టెలు. పెట్టెలో సంచులు, సంచిలో మూడో వంతు నీళ్ళు, మిగతా అంతా ఆక్సిజన్, రబ్బరు బ్యాండు బిగింపు. దారిలో నీళ్ళు పాడు చేయకుండా బయల్దేరే ముందు ఒకటి రెండు రోజులు పస్తు పెడతారట. కొట్టుకి తెచ్చాక కూడా వెంటనే కుమ్మరించలేదు. సంచుల్ని అలాగే తొట్లలో తేలేసి, లోపలి వేడీ బయటి వేడీ సమానం కావాలని ఇరవై నిమిషాలు. తరవాత తొట్టి నీళ్ళు గ్లాసుతో కొంచెం కొంచెం సంచిలోకి. అప్పుడు వలతో చేపని మాత్రం తీసి వదలడం, సంచి నీళ్ళు పారబోయడం. తొట్టి తొట్టికీ వేరే వల, ఒక తొట్టి జబ్బు ఇంకో తొట్టికి అంటకూడదని. ఇరవై నాలుగు వలలు! అందుకే ఫిల్టర్లు కూడా అన్నిటికీ కలిపి ఒకటి కాకుండా దేనికదే. ఇంకా పైపెచ్చు, రెండు వారాలు అమ్మడట, జబ్బులేమైనా బయటపడితే పడాలని.

నియాన్ టెట్రాలు వదిలినప్పుడు మాత్రం నేను లేచి నిలబడ్డాను. నూరు చేపలు, ఒక్కోటీ అంగుళం లేదు, ఒక్కసారిగా ఇటు తిరిగితే నీలం గీత, అటు తిరిగితే ఎరుపు. కటువు నీళ్ళు పడవని వాటికోసం ఒక్క తొట్టిలో వేరే నీళ్ళు పెట్టాడు. రాత్రి పూట కోక్ తోసేటప్పుడు ఓవెన్ తలుపు తీస్తే లోపల గోడ కనబడేది, ఆ చేపలది సరిగ్గా ఆ ఎరుపు. మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి వచ్చింది. ఇరవై నాలుగు తొట్లూ తిరిగి చూసి, బంగారు చేపల దగ్గర ఆగింది. వీలు చూసి నేను మళ్ళీ అందుకున్నాను: "ఇంత హంగు ఎందుకురా, మా హార్లిక్స్ సీసాలో మీ అమ్మ చేప ఏడాది..."

"తొమ్మిది" అంది మా అమ్మాయి.

తొమ్మిదేమిటి అన్నాను. "తొమ్మిది చేపలు నాన్నా. రెండోదానికి తోక చిన్నది. మూడోదానికి బొడ్డు దగ్గర తెల్ల మచ్చ. నువ్వు షిఫ్ట్ నుంచి వచ్చి నేను బడి నుంచి రాకముందే మార్చేసేవాడివి. చచ్చినవి జామచెట్టు కింద పెట్టేవాడివి. నేను లెక్కపెట్టుకునేదాన్ని."

నాకు తెలుసు కదా అవి తొమ్మిదని. తనకి తెలుసని తెలీదు. నలభయ్యేళ్ళుగా చెప్పీ చెప్పీ, అది ఒకే చేప అని నేనే నమ్మడం మొదలెట్టినట్టున్నాను. మావాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అందుకే తాతా, నా లిస్టులో గాజు బౌల్ లేదు" అని, ఫిల్టరు స్పాంజి పిండడానికి వెళ్ళిపోయాడు. బంగారు చేప సరిగ్గా చూస్తే పదేళ్ళు దాటి బతుకుతుందట, జానెడు పెరుగుతుందట. పదేళ్ళు బతికే చేపని అమ్మితే వ్యాపారం ఎలా సాగుతుందో ఇప్పటికీ నాకర్థం కాదు.

ఇదంతా ఇంత ధైర్యంగా రాస్తున్నానంటే, వాడికి తెలుగు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. సెక్టార్లలో పుట్టిన పిల్లలందరిదీ ఇదే సంగతి, దాని మీద తిట్టాల్సింది చాలా ఉంది, ఇంకోసారి తిడతాను. వాళ్ళమ్మ చదివి చెబితే చెప్పనీ.

కొట్టు ఇప్పుడు నడుస్తోంది. ఆదివారం సంతకి వచ్చినప్పుడు రండి. పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా గల్లాపెట్టె దగ్గర నేనే ఉంటాను, వాడు ఉండడు. అలాగని చాటుగా గాజు బౌల్ అడక్కండి, ఇవ్వను. బొమ్మిడాయిలు అసలే లేవు.